పరదేశులకు కొరియాను పరిచయం చేసినవారు: ఒక మిషనరీ వారసత్వం, దాని పాఠాలు

1. ఉపోద్ఘాతం

సియోల్ నగరంలో హాన్ నది ఒడ్డున యాంగ్వాజిన్ అనే చోట విదేశీ మిషనరీల సమాధుల తోట ఉంది. 1890 జూలైలో మరణించిన వైద్య మిషనరీ జాన్ హెరాన్‌ను మొదట అక్కడ సమాధి చేశారు. ప్రార్థనా పర్వతాలను, గొప్ప సంఘాలను చూడటానికి కొరియా వెళ్లే దైవసేవకులలో అనేకులు ఈ తోటను కూడా దర్శిస్తారు. అక్కడ హోమర్ హల్బర్ట్ అనే అమెరికా దేశస్థుని సమాధి ఉంది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో కంటె కొరియా మట్టిలోనే తనను పాతిపెట్టడం తనకు ఇష్టమన్న ఆయన కోరిక ఆ రాతిమీద చెక్కబడి ఉంది. ఆయన 1949 జూలై నెలాఖరున, ఎనభై ఆరవ యేట కొరియాకు తిరిగి వచ్చి, వారం రోజులకే, ఆగస్టు 5న కన్నుమూశారు.

ఒక పరదేశిని ఆ ప్రజలు ఇంతగా ఎందుకు గౌరవించారు? ఆయన స్థాపించిన సంఘాల సంఖ్యను బట్టి కాదు. కొరియా అంటే ఏమిటో లోకానికి తెలియజేసినందుకు, ఆ దేశం నోరు నొక్కబడిన దినాలలో దాని పక్షాన మాట్లాడినందుకు. ఒక జాతి సంస్కృతిని, వారసత్వాన్ని బయటివారికి పరిచయం చేయడం కేవలం యాత్రికుల వినోదానికి సంబంధించిన పని అని మనం అనుకుంటాం. కొరియా చరిత్ర వేరొక సంగతి చెబుతుంది. పరిచయం చేసేవాడు ఏమి చూపుతాడు, ఏమి దాచుతాడు, ఎవరిని అడిగి చెబుతాడు అనే ప్రశ్నలమీద ఆ దేశపు మానమర్యాదలు, కొంతవరకు దాని భవిష్యత్తు కూడా ఆధారపడ్డాయి. ఈ వ్యాసంలో 1882 మొదలుకొని జరిగిన ఆ పరిచయ చరిత్రను పరిశీలించి, సంఘ కాపరులమైన మనకు అందులో ఉన్న పాఠమేమిటో ఆలోచిద్దాం.

2. చూడక వ్రాసినవారు, చూచి దిద్దుకొన్నవారు

1882లో కొరియా అమెరికాతో ఒడంబడిక చేసికొంది. అదే సంవత్సరం విలియం ఇలియట్ గ్రిఫిస్ అనే రచయిత కొరియాను 'సన్యాసి దేశం' అని పిలుస్తూ పెద్ద గ్రంథం ప్రచురించారు. లోకానికి తలుపులు మూసికొని ఒంటరిగా కూర్చున్న దేశం అని దాని భావం. ఆ గ్రంథం వ్రాసేనాటికి గ్రిఫిస్ కొరియాలో అడుగు పెట్టలేదు. ఆయన 1870 నుండి 1874 వరకు జపానులో అధ్యాపకునిగా పనిచేశారు. ఆయన కొరియా జ్ఞానంలో ఎక్కువ భాగం జపాను పుస్తకాలనుండి వచ్చినదే. అయినను ఆయన పెట్టిన పేరు దశాబ్దాల తరబడి నిలిచిపోయింది. కొరియాకు బయలుదేరిన తొలి మిషనరీలు కూడా ఆ పుస్తకాన్ని చదివి, ఆ కళ్లద్దాలతోనే ఓడ దిగారు. పొరుగువాని నోట విని ఒక జాతిని వర్ణిస్తే ఆ పొరుగువాని అభిప్రాయమే ఆ జాతికి ముఖచిత్రమైపోతుందనుటకు ఇది నిదర్శనం.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇసబెల్లా బర్డ్ అనే ఆంగ్ల యాత్రికురాలు. ఆమె 1894-97 మధ్య నాలుగు సార్లు కొరియాను దర్శించారు. మొదట ఆమెకు కొరియనులు చురుకులేనివారిగా, సోమరులుగా కనబడ్డారు. తరువాత రష్యా భూభాగంలో స్థిరపడిన కొరియా రైతులను చూచినప్పుడు ఆమె తన మాటను మార్చుకొన్నారు. అక్కడ అదే జనం కష్టించి పనిచేస్తూ, చక్కని ఇండ్లు కట్టుకొని వర్ధిల్లుతున్నారు. సంపాదించినదంతా దోచుకొనే అధికారులు లేనిచోట ఆ ప్రజల నడవడి వేరుగా ఉందని ఆమె గ్రహించారు. లోపం జాతి స్వభావంలో కాక పరిపాలనలో ఉన్నదని తన గ్రంథంలో వ్రాశారు. మొదటి అభిప్రాయాన్ని వెనుకకు తీసికొనే ధైర్యం పరిచయకర్తకు ఉండవలసిన మొదటి గుణం.

3. కథలద్వారా, చిత్రాలద్వారా

1884 సెప్టెంబరులో హోరేస్ అల్లెన్ అనే వైద్యుడు కొరియా చేరారు. ఆ డిసెంబరులో జరిగిన రాజకీయ తిరుగుబాటులో గాయపడిన రాణి బంధువు మిన్ యోంగిక్‌కు ఆయన చికిత్స చేసి బ్రతికించారు. దాని ఫలితంగా 1885లో రాజు అనుమతితో మొదటి పాశ్చాత్య వైద్యశాల ఏర్పడింది. ఈ సంగతి చాలామందికి తెలిసినదే. అంతగా తెలియని విషయం, 1889లో ఆయన కొరియా జానపద కథల సంపుటిని ఆంగ్లంలో ప్రచురించారు. తండ్రికోసం ప్రాణమిచ్చిన కూతురు సిమ్ చోంగ్ కథ, అన్నదమ్ములైన హుంగ్బు, నోల్బుల కథ, పతివ్రత చున్‌హ్యాంగ్ కథ అందులో ఉన్నాయి. కొరియనులు అర్ధ అనాగరికులు అనే అపోహను తొలగించడమే తన ఉద్దేశమని ఆయన ముందుమాటలో తెలిపారు. వాదనతో కాక కథలతో ఆ పని చేయబూనడం గమనార్హం. తల్లిదండ్రులను ప్రేమించే జనం, కపటాన్ని చూచి నవ్వే జనం అనాగరికులు కారని కథ చదివినవాడు తనంతట తానే తెలిసికొంటాడు. 1893లో చికాగో నగరంలో జరిగిన లోక ప్రదర్శనకు కొరియా మొదటిసారిగా తన వస్తువులను, రాజాస్థాన వాద్యకారులను పంపినప్పుడు కూడా అల్లెన్ వారికి తోడుగా వెళ్లారు.

ఇదే కాలంలో ఒక కొరియనుడు తన దేశాన్ని తానే పరదేశులకు చూపుతున్నాడు. ఆయన కిమ్ జున్‌గూన్ అనే చిత్రకారుడు. ఓడరేవు పట్టణాలలో దిగే విదేశీయుల కోసం ఆయన పెండ్లిండ్లు, అంత్యక్రియలు, పొలం పనులు, బడిలో శిక్షలు, ఆటలు, సంతలు మొదలైన దృశ్యాలను చిత్రించి అమ్మేవారు. అలా వందలాది చిత్రాలు ఐరోపా, అమెరికా ప్రదర్శనశాలలకు చేరాయి. నేడు కొరియా చరిత్రకారులు తమ పూర్వికుల నిత్యజీవితాన్ని తెలిసికొనుటకు ఆ చిత్రాలను పరిశీలిస్తున్నారు.

జేమ్స్ స్కార్త్ గేల్ అనే కెనడా మిషనరీ 'యాత్రికుని ప్రయాణం' గ్రంథాన్ని కొరియా భాషలో 1895లో వెలువరించినప్పుడు దానికి బొమ్మలు వేసినది ఈ కిమ్ జున్‌గూన్‌గారే. ఆ బొమ్మలలో క్రైస్తవుడు గుర్రపు వెంట్రుకలతో అల్లిన కొరియా టోపీ పెట్టుకొని ఉంటాడు. పరలోకవాసులు కూడా తూర్పు దేశపు వస్త్రాలలో కనబడతారు. అనువాదంలో గేల్‌కు తోడ్పడినది యి చాంగ్‌జిక్ అనే కొరియా పండితుడు. ఆయన దశాబ్దాలపాటు గేల్‌కు గురువుగా, సహాయకునిగా నిలిచారు. మిషనరీ పేరు పుస్తకం అట్టమీద ఉంటుంది, పండితుని పేరు చాలాసార్లు ముందుమాటలో కూడా ఉండదు. మన తెలుగు బైబిలు, నిఘంటువుల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త కాదు.

4. 1900 నాటి చర్చ: కొరియాకు తనదంటూ ఏమున్నది?

1900 జూన్‌లో సియోల్‌లోని విదేశీయులు రాయల్ ఏషియాటిక్ సొసైటీ కొరియా శాఖను స్థాపించారు. సభ్యులలో మిషనరీలు ముఖ్యులు. ఆ తొలి సంవత్సరంలోనే గేల్ 'కొరియాపై చైనా ప్రభావం' అనే ప్రసంగ పత్రాన్ని సమర్పించారు. కొరియా విద్య, నీతి, ఆచారాలు, చరిత్ర జ్ఞాపకం అన్నీ చైనా రంగులో మునిగి ఉన్నాయని ఆయన వాదించారు. దీనికి జవాబుగా హల్బర్ట్ మరొక పత్రం చదివారు. చైనా ప్రభావం పైపూత మాత్రమేనని, సామాన్య జనుల భాషలో, ఆచారాలలో, నమ్మకాలలో కొరియాకు స్వంతమైనది చెక్కుచెదరక నిలిచి ఉందని ఆయన చెప్పారు.

ఇది పండితుల వినోదంగా కనబడవచ్చు. కాని దీని వెనుక పెద్ద సంగతి ఉంది. కొరియాకు స్వంత సంస్కృతి లేదని ఒప్పుకొంటే, ఆ దేశాన్ని పెద్ద రాజ్యాలలో ఏదో ఒకటి కలుపుకోవడం తప్పు కాదనే వాదానికి బలం చేకూరుతుంది. పదేండ్లు గడవకముందే, 1910లో, జపాను ఆ పని చేసింది.

ఇద్దరి ఆధారాలు వేరు కావడానికి కారణం ఇద్దరూ కూర్చున్న స్థలాలు వేరు కావడమే. గేల్ కొరియా పండితుల యొద్ద చైనా లిపిలోని ప్రాచీన గ్రంథాలను అభ్యసించారు. హల్బర్ట్ సామాన్యుల పాటలను, సామెతలను, వారి లిపియైన హంగుల్‌ను ప్రేమించారు. హంగుల్‌ను సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించారు. అది సులభమైనది కనుకనే పండితులు దానిని చిన్నచూపు చూచారు. 1886లో ప్రభుత్వ పాఠశాలలో అధ్యాపకునిగా వచ్చిన హల్బర్ట్, కొద్ది సంవత్సరాలలోనే ప్రపంచ భూగోళాన్ని వివరించే పాఠ్యపుస్తకాన్ని కేవలం హంగుల్‌లో వ్రాశారు. ఇంత చక్కని లిపిని స్వంత ప్రజలే తృణీకరించడం విచారకరమని దాని ముందుమాటలో తెలిపారు. 1896లో ఆయన 'అరిరాంగ్' పాటను పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి ప్రకటించారు. అది కూలివాని నోట, పిల్లవాని నోట పలికే పాట. నేడు ఆ పాట కొరియా జాతికే గుర్తు.

అయితే గేల్‌ను తక్కువ చేయరాదు. ఆయన 1897లో కొరియా-ఆంగ్ల నిఘంటువును ప్రచురించారు. 1922లో 'తొమ్మిదిమంది మేఘస్వప్నం' అనే పదిహేడవ శతాబ్దపు కొరియా నవలను ఆంగ్లంలోకి తెచ్చారు. అది బౌద్ధ భావాలతో నిండిన కథ. పాత కొరియా తన కళ్లముందే అంతరించిపోతున్నదనే దుఃఖం ఆయన చివరి రచనలలో కనిపిస్తుంది.

5. ఒక బౌద్ధ గోపురం కొరకు పోరాటం

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంఘటన 1907లో జరిగింది. కేసోంగ్ పట్టణ ప్రాంతంలో క్యోంగ్‌చోన్సా అనే పాత బౌద్ధ మఠ స్థలంలో పది అంతస్తుల పాలరాతి గోపురం ఉండేది. 1348లో కట్టబడిన ఆ గోపురం ఎత్తు సుమారు 13 మీటర్లు. 1907 జనవరిలో కొరియా యువరాజు వివాహానికి వచ్చిన జపాను రాజగృహ మంత్రి తనకా మిత్సుఅకి దానిమీద కన్ను వేశారు. కొద్ది వారాలలోనే ఆయుధాలు ధరించిన మనుషులు వచ్చి, అడ్డుపడిన గ్రామస్థులను బెదిరించి, గోపురాన్ని విప్పి ముక్కలుగా బండ్లకెత్తి జపానుకు తరలించారు.

సియోల్‌లో వార్తాపత్రిక నడుపుతున్న బ్రిటిష్ పౌరుడు ఎర్నెస్ట్ బెథెల్ ఈ దొంగతనాన్ని బయటపెట్టారు. హల్బర్ట్ జపానులోని ఆంగ్ల పత్రికలలోను, అమెరికాలోను దీనినిగూర్చి వ్రాశారు. మొదట కట్టుకథ అని కొట్టివేసినవారు నోరు మూయవలసి వచ్చింది. నింద పెరిగి పెరిగి చివరకు 1918లో ఆ గోపురపు రాళ్లు కొరియాకు తిరిగి వచ్చాయి. ఇప్పుడు అది సియోల్‌లోని జాతీయ మ్యూజియంలో నిలిచి ఉంది. 2005లో ఆ మ్యూజియం కొత్త భవనం తెరచినప్పటినుండి అక్కడికి వెళ్లే ప్రతి యాత్రికుడు ప్రధాన మార్గం చివర దానిని చూస్తాడు.

హల్బర్ట్ మెథడిస్టు మిషనుతో పనిచేసిన సువార్తికుడు. బుద్ధుని ఆరాధించుటకు ఆయన ఒప్పుకొనేవారు కారు. అయినను ఆ గోపురం ఆ ప్రజలదని, దానిని వారినుండి దొంగిలించడం పాపమని ఆయన గ్రహించారు. 'నీవు దొంగిలకూడదు' అనే ఆజ్ఞ పొరుగువాని గుడి రాళ్లకు కూడా వర్తిస్తుంది.

అంతకు ముందే, 1905లో, గోజోంగ్ చక్రవర్తి ఉత్తరాన్ని హల్బర్ట్ వాషింగ్టన్‌కు తీసికొనిపోయారు. అక్కడ ఆయన మాట వినినవారు లేరు. ఆ నవంబరులోనే జపాను కొరియాను తన రక్షిత రాజ్యంగా చేసికొంది. 1906లో ఆయన ప్రచురించిన పెద్ద గ్రంథం కొరియా చరిత్రను, కళలను, కుటుంబ జీవితాన్ని పాశ్చాత్యులకు పరిచయం చేసింది. ఒక దేశం లేకుండా పోతున్న వేళ, అది ఉండినదని సాక్ష్యమివ్వడం ఆ గ్రంథం పని.

6. పాలకులు చూపించిన కొరియా

జపాను పాలకులు కూడా యాత్రికులకు కొరియాను చూపించారు. కాని వారు చూపించిన తీరు వేరు. చాంగ్‌గ్యోంగ్ రాజభవనంలో 1909లో జంతుప్రదర్శనశాలను ఏర్పరచి, 1911లో దాని పేరును భవనం నుండి తోటగా మార్చారు. రాజులు నివసించిన చోట జనం కోతులను చూచుటకు వచ్చారు. 1395లో కట్టబడిన క్యోంగ్‌బోక్ రాజభవనం 1592 నాటి దాడి కాలంలో కాలిపోగా 1860లలో తిరిగి కట్టబడింది. 1915లో అందులోని అనేక భవనాలను తొలగించి, ఆ స్థలంలో పరిశ్రమల ప్రదర్శన జరిపారు. 1926లో సింహాసన మందిరం ఎదుట, అది కనబడకుండా, పెద్ద పరిపాలనా భవనం లేపారు. పాత కొరియా శిథిలమని, కొత్త వెలుగు జపానుదని యాత్రికునికి బోధించడమే దీని ఉద్దేశం.

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏండ్లు నిండిన 1995 ఆగస్టు 15న ఆ పరిపాలనా భవనాన్ని కూల్చడం మొదలుపెట్టారు. నేడు సియోల్‌కు వెళ్లినవారు చూచే రాజభవనం దశాబ్దాలుగా ఒక్కొక్క మందిరంగా పునరుద్ధరించబడుతున్నది. యాత్రికునికి ఏమి చూపించాలో ఇప్పుడు కొరియనులే నిర్ణయిస్తున్నారు.

7. మిషనరీల లోపాలు

మిషనరీలందరూ హల్బర్టులు కారు. వారి ఉత్తరాలలో, విరాళాల కొరకు స్వదేశానికి పంపిన నివేదికలలో మురికి వీధులు, దయ్యాల భయం, సోమరితనం పదే పదే కనబడతాయి. చీకటి ఎంత ఎక్కువగా చూపితే వెలుగు పనికి అంత సహాయం వస్తుందనే శోధన వారికి ఉండేది. హల్బర్ట్ సైతం రష్యా-జపాను యుద్ధ కాలంలో జపానువలన కొరియాకు మేలు కలుగుతుందని మొదట నమ్మి, తరువాత పశ్చాత్తాపపడ్డారు.

పితరుల ఆరాధన విషయంలో సమస్య ఇంకా లోతైనది. 1742లో రోమా పీఠం చైనా ఆచారాలను నిషేధించిన కారణంగా కొరియాలోని తొలి కాథలిక్కులు పితరుల నామఫలకాలను కాల్చివేశారు. 1791లో యున్ జిచుంగ్ అనే విశ్వాసి ఇందుకు శిరచ్ఛేదనం పొందారు. 1939లో రోమా పీఠం ఆ నిషేధాన్ని సడలించింది. ప్రొటెస్టెంటు సంఘాలు ఆ ఆచారాన్ని అంగీకరించకుండా, దాని స్థానంలో కుటుంబమంతా కూడి చనిపోయినవారిని జ్ఞాపకం చేసికొనే ఆరాధన క్రమాన్ని ఏర్పరచుకొన్నాయి. తల్లిదండ్రులను సన్మానించుట ఏది, వారిని పూజించుట ఏది అనే భేదాన్ని కొరియా విశ్వాసులే తమ ఇండ్లలో తేల్చుకోవలసి వచ్చింది. సంస్కృతిని గౌరవించడమంటే దానిలోని సమస్తాన్ని ఆమోదించడం కాదు. త్రోసివేయకముందు దానిని గ్రహించవలసి ఉంది.

8. తెలుగువారితో సంబంధం

ఈ చరిత్రలో మన భాషకు కూడ ఒక చిన్న చోటు ఉంది. 1905లో హల్బర్ట్ కొరియా భాషను భారతదేశపు ద్రావిడ భాషలతో పోల్చుతూ ఒక వ్యాకరణ గ్రంథం ప్రచురించారు. కొరియా భాషలో కూడా మనవలె కర్త, కర్మ, చివర క్రియ వస్తాయి. విభక్తులు నామం తరువాత చేరతాయి. అక్కడి పిల్లలు తల్లిని 'ఓమ్మా' అని, తండ్రిని 'అప్పా' అని పిలుస్తారు. ఈ పోలికలు చూచి రెండు జనాలకు మూలం ఒకటేనని ఆయన తలంచారు. ఈనాటి భాషాశాస్త్రజ్ఞులు ఆ బంధుత్వాన్ని అంగీకరించరు. అయినా కొరియా భాషకు చైనాతో కాక వేరే చోట బంధువులను వెదకడంలో ఆయన పాత పట్టుదలే కనిపిస్తుంది.

మనలను కూడా ఇతరులు లోకానికి పరిచయం చేశారు. ఒంగోలు ప్రాంతపు మాదిగ విశ్వాసులనుగూర్చి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ఒక గ్రంథం ప్రచురించారు. పెద్దల నోటినుండి వినిన కథలు అందులో ఉన్నాయి గనుక అది నేటికీ విలువైనదే. కాని చెప్పినవారు మనవారు, చెప్పించి అచ్చువేసినవారు పరదేశులు.

9. ముగింపు

పౌలు ఏథెన్సులో మాట్లాడక ముందు ఆ పట్టణమంతా నడచి, వారి బలిపీఠం మీది వ్రాతను చదివాడు (అపొ.కా. 17:22-23). అతని ఆత్మ పరితాపం పొందినా, ఎగతాళి చేయలేదు. కొరియాలో మేలు చేసిన పరిచయకర్తలు ఇదే మార్గంలో నడిచారు. వారు భాష నేర్చుకొన్నారు, స్థానికులను గురువులుగా అంగీకరించారు, తప్పు తెలిసినప్పుడు మాట మార్చుకొన్నారు, తమది కాని వారసత్వం దొంగిలింపబడినప్పుడు ఊరకుండలేదు.

మన సంఘాలకు కూడా విదేశీ అతిథులు వస్తూనే ఉన్నారు. వారికి మనం ఏమి చూపుతున్నాం? కారుతున్న పైకప్పును, చినిగిన బట్టల పిల్లలను మాత్రమే చూపి ఫోటోలు తీయిస్తే, గ్రిఫిస్ చేసిన పనినే మన చేతులతో మనమే మన ప్రజలకు చేసినవారమవుతాం. అవసరతను దాచమని కాదు. ఆ ఊరిలో మొదటిగా బాప్తిస్మం పొందిన కుటుంబం ఎవరిది, వారు ఏ పాటలు పాడుకొన్నారు, ఏ వృత్తిలో నేర్పరులు, ఏ శ్రమలు ఓర్చుకొని మందిరం కట్టుకొన్నారు అనే సంగతులు అతిథికి చెప్పవలసినవే. వాటిని చెప్పే హక్కు కాపరికంటె ముందుగా సంఘంలోని పెద్దలకు, వృద్ధ స్త్రీలకు ఉంది. వారు ఉండగానే వారి మాటలు, వారి పేర్లతో సహా, వ్రాసిపెట్టుకోవడం వేదాంత విద్యార్థులు ఈ సెలవులలోనే మొదలుపెట్టదగిన పని.